రేసు రూలు మారాలంటే కాగితం మీద ఏం రాయాలి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ళ నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. వీళ్ళంతా ఒకే ప్రాంతీయ అమెచ్యూర్ మోటార్‌సైకిల్ రోడ్ రేసింగ్ సిరీస్‌లో బండి తోలుతున్నవాళ్ళు. రౌండ్లు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి ట్రాక్‌లోనో జరుగుతాయి. వచ్చే సీజన్ రూల్‌బుక్‌లో ఏమేం మార్చాలో రైడర్లనే రాసి పంపమని నిర్వాహక కమిటీ అడిగింది. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. పేర్లు వేయవద్దని కోరారు కాబట్టి ఊళ్ళ పేర్లే వేశాం.

ప్రశ్న: "165 సీసీ క్లాసులో ఇంజిన్ ట్యూనింగ్ ఆపాలి" అని కిందటేడు ప్రతిపాదన పంపాను. పన్నెండు మంది చేత సంతకాలు కూడా పెట్టించాను. "స్పష్టత లేదు" అని ఒక్క ముక్కతో తిప్పి పంపారు. అసలు ప్రతిపాదన ఎలా రాయాలండీ? (రాయగడ)

జవాబు: మీరు పంపింది ఫిర్యాదు. బాధ నిజమైనదే, కానీ కమిటీకి అందులో రూల్‌బుక్‌లోకి ఎత్తి రాసుకోదగ్గ వాక్యం ఒక్కటీ దొరకలేదు. ట్యూనింగ్ అంటే ఏది? ఎయిర్ ఫిల్టర్ మార్చడమా, హెడ్ గీయించడమా, క్యామ్ మార్చడమా, ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్‌లో) మ్యాప్, అంటే దాని సెట్టింగులు, మార్చడమా? ఒక్కొక్కరు ఒక్కోటి అనుకుంటారు. గెలిచినవాడు తనకు అనుకూలమైనది అనుకుంటాడు.

ఒక రూలుకు ఒక కాగితం పెట్టుకోండి. పైన ఇప్పుడున్న రూలు నంబరు, దాని మాటలు ఉన్నవున్నట్టు. దాని కింద మీరు కోరే కొత్త వాక్యం పూర్తిగా. తర్వాత దాన్ని స్క్రూటినీలో (బండి తనిఖీలో) ఏ పరికరంతో, ఎన్ని నిమిషాల్లో చూస్తారో రాయండి. ఆ పైన ఎన్ని బండ్లకు మార్పు అవసరమవుతుంది, ఒక్కో బండికి ఎంత ఖర్చు, ఏ రౌండు నుంచి అమలు అన్నవి. ఈ ఆరూ ఉంటే కమిటీకి "స్పష్టత లేదు" అనే అవకాశమే ఉండదు. ఒప్పుకోవాలి, లేదా కారణం చెప్పి కాదనాలి.

మీ ప్రతిపాదన ఇలా ఉండొచ్చు: "సిలిండర్ హెడ్, క్యామ్‌షాఫ్ట్, వాల్వులు, పిస్టన్, థ్రాటిల్ బాడీ, ఈసీయూ ఆ మోడల్‌కు తయారీదారు ఇచ్చినవే ఉండాలి. వాటి లోహం తీయడం, చేర్చడం, పాలిష్ చేయడం నిషిద్ధం. ఎయిర్ ఫిల్టర్ ఎలిమెంట్, స్పార్క్ ప్లగ్, క్లచ్ ప్లేట్లు, చైను, స్ప్రాకెట్లు, సైలెన్సర్ మార్చుకోవచ్చు. మార్చుకోవచ్చని ఇక్కడ రాయనిది ఏదీ మార్చకూడదు." ఆ ఆఖరి వాక్యమే రూలుకు ప్రాణం. అది లేకపోతే మీరు రాసిన ప్రతి నిషేధం పక్కన రాయని ఇంకో పది సందులు తెరుచుకుంటాయి.

బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) సంగతి విడిగా తేల్చాలి. రూల్‌బుక్‌లో "165 సీసీ లోపు" అని మాత్రమే ఉందని మీరు రాశారు. అపాచీ ఆర్‌టీఆర్ 160 4వి బోరు 62 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 52.9 మి.మీ., మొత్తం 159.7 సీసీ. దాన్ని 62.5కి బోరింగ్ చేయిస్తే 162.3 సీసీ. 63కి చేయిస్తే 164.9 సీసీ, అప్పటికీ పరిమితి లోపలే. యమహా ఆర్15 మూడో తరం బండి 58 × 58.7 మి.మీ., 155 సీసీ. దాని డయాసిల్ (అల్యూమినియం, సిలికాన్ మిశ్రమం) సిలిండర్‌కు ఇనుప లైనరు ఉండదు, మామూలు బోరింగ్‌కు లొంగదు, అరిగితే సిలిండరే మార్చుకోవాలి. అంటే ఒకే రూలు ఒకరికి అయిదు సీసీ అదనంగా ఇస్తోంది, ఇంకొకరికి ఏమీ ఇవ్వడం లేదు. "బోరు తయారీదారు కొలతపై 0.5 మి.మీ. మించరాదు" అని అడగండి. అరిగిన బ్లాకుకు ఒక బోరింగ్ దక్కాలి, ఎందుకంటే కొత్త సిలిండర్ కొనలేనివాళ్ళూ ఈ ఆటలో ఉన్నారు. బోరింగ్ పేరు చెప్పి సీసీ పెంచుకోవడం మాత్రం ఆగాలి.

ఇది చూడాలంటే హెడ్ విప్పాలి కాబట్టి అన్ని బండ్లనూ చూడలేరు. మొదటి ముగ్గురివి, లేదా ప్రొటెస్ట్ (తోటి రైడరు ఫిర్యాదు) పడ్డ బండి మాత్రమే చూడాలి. గ్యాస్కెట్ ఖర్చు ఎవరిదో కూడా అక్కడే రాసేయండి: బండి సక్రమమని తేలితే ప్రొటెస్ట్ చేసినవాళ్ళది, కాదని తేలితే బండివాళ్ళది. ఈ ఒక్క ముక్క రాయకపోతే పడాక్‌లో (బండ్లు నిలిపే ఆవరణలో) తగువులు తెల్లారినా తెగవు.

సంతకాలు వద్దని కాదు. కానీ పన్నెండు సంతకాల కన్నా పన్నెండు బండ్ల జాబితా బలమైనది: మోడలు, ఇప్పుడున్న మార్పులు, కొత్త రూలు వస్తే ఏది తిరిగి మార్చాలో ఒక్కో వరుసలో.

ప్రశ్న: మొన్నటి రౌండులో రెండుసార్లు ట్రాక్ మీద ఆయిల్ పడింది. ఒకసారి డ్రెయిన్ బోల్టు ఊడి, ఇంకోసారి పడిపోయిన బండి క్లచ్ కవరు పగిలి. సిమెంటు చల్లి ఊడ్చేసరికి మూడు రేసులు రద్దయ్యాయి. బెల్లీ పాన్ (ఇంజిన్ కింద పళ్ళెం) తప్పనిసరి చేయమని రాద్దామంటే నేకెడ్ బండ్లవాళ్ళు, అంటే బండికి ఫేరింగ్ (పై తొడుగు) లేనివాళ్ళు, ఒప్పుకోవడం లేదు. (బరంపురం)

జవాబు: ఈసారి వచ్చినవాటిలో మేము గట్టిగా వెనకేసుకొచ్చే ప్రతిపాదన ఇదే. ఆయిల్ మీదికి వచ్చే తర్వాతి రైడరుకు ఏ హెచ్చరికా ఉండదు. అయితే మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకే మందు రాయకండి.

బోల్టు ఊడటానికి మందు లాక్‌వైర్, అంటే బోల్టు తిరగకుండా కట్టే తీగ. 0.8 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగ, బోల్టు తలలో 1.5 మి.మీ. రంధ్రం. తప్పనిసరిగా కట్టాల్సినవి: డ్రెయిన్ బోల్టు, ఆయిల్ పోసే మూత, ఆయిల్ ఫిల్టర్ కవరు బోల్టులు, ఆయిల్ కూలర్ ఉంటే దాని బాంజో బోల్టులు, బ్రేకు క్యాలిపర్ బోల్టులు. సునాబేడ విమాన ఇంజిన్ల కర్మాగారంలో పనిచేసిన పెద్దవాళ్ళు మీ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే ఒక్క సాయంత్రం కూర్చుని నేర్చుకోండి. విమానం ఇంజిన్ మీద ఈ తీగ పని నిత్యం చేసేదే.

రంధ్రం వేయడం దగ్గరే చాలామంది బిట్లు విరగ్గొట్టుకుంటారు. బోల్టు తలను వైస్‌లో బిగించి, పలక మీద మూలకు 3 మి.మీ. దూరంలో సెంటర్ పంచ్‌తో గుంట పెట్టండి. కటింగ్ ఆయిల్ చుక్క వేసి, నెమ్మది వేగంతో, ఒక పలక నుంచి పక్క పలకకు మూల గుండా రంధ్రం తీయండి. మూలకు మరీ దగ్గరైతే తీగ బిగించినప్పుడు ఆ అంచు తెగుతుంది. తీగ మెలికలు సెంటీమీటరుకు మూడు చొప్పున పడాలి. ఎక్కువ మెలిపెడితే తీగ పెళుసెక్కి కంపనానికి తెగుతుంది, తక్కువైతే వదులుగా ఊగుతుంది. బోల్టు విప్పుకునే వైపు తిరగబోతే తీగ లాగి పట్టుకునేలా కట్టాలి. బిగుసుకునే దిక్కుకు లాగాలన్నమాట. తిరగేసి కట్టిన తీగ చూడ్డానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. కొస లోపలికి మడవండి, లేకపోతే స్క్రూటినీ చేసేవాళ్ళ చేతులు కోసుకుంటాయి.

ఇంకో తప్పు కూడా తరచూ జరుగుతుంది. డ్రెయిన్ బోల్టు కింది వాషరు మార్చకుండా, కారుతోందని బోల్టునే బలంగా బిగిస్తారు. కేసు అల్యూమినియం, మరలు చెరిగిపోతాయి. అప్పుడు తీగ బోల్టును పట్టుకునే ఉంటుంది, ఆయిల్ మాత్రం మరల సందుల్లోంచి జారుతూనే ఉంటుంది. అందుకే రూలులో "ఆయిల్ మార్చిన ప్రతిసారి కొత్త వాషరు, టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పిన బిగింపు" అని చేర్చండి. దాన్ని స్క్రూటినీలో నిరూపించడం కష్టమే. రాసి ఉంటే కనీసం కొత్తవాళ్ళు చదువుతారు.

కవరు పగలడానికి మందు వేరు. క్లచ్ కవరుకు, స్టేటర్ కవరుకు పైన తొడిగే రక్షణ కవర్లు, కింద ద్రవం పట్టే పళ్ళెం. అంతర్జాతీయ సూపర్‌బైక్ రూల్స్‌లో కింది ఫేరింగ్ ఇంజిన్ ఆయిల్, కూలెంట్ మొత్తంలో కనీసం సగం పట్టాలి. మీ క్లాసు బండ్లలో ఆయిల్ లీటరు చిల్లర. కాబట్టి "ఇంజిన్ కింద కనీసం 1.5 లీటర్లు నిలిచే పళ్ళెం" అని అడగండి. ఆకారం రాయకండి, పట్టే కొలత మాత్రం రాయండి. నేకెడ్ బండ్లవాళ్ళ అభ్యంతరం సగం పోతుంది, ఎందుకంటే వాళ్ళు పూర్తి ఫేరింగ్ కొనక్కర్లేదు. 1.5 మి.మీ. అల్యూమినియం రేకుతో షీట్ మెటల్ షాపులో చేయించుకోవచ్చు. అంచులు మడత పెట్టి గుండ్రం చేయాలి. ఎగ్జాస్ట్ పైపుకు తగలకూడదు. బండి వంచినప్పుడు నేలకు రాసుకోకుండా రెండు పక్కలా వాలు ఉండాలి. దాని కొటేషన్ ఒకటి తీసుకుని ప్రతిపాదనకు జత చేయండి. ఖర్చు ఎంతో తెలిస్తే వాదన చల్లబడుతుంది.

పరీక్ష తేలిక. బండిని పడాక్ స్టాండ్ మీద నిటారుగా నిలిపి, కొలిచిన సీసాతో 1.5 లీటర్ల నీళ్ళు పళ్ళెంలో పోయాలి. ఒక నిమిషం ఆగాలి. కింద చుక్క పడితే ఫెయిల్. వాన రేసుకు పళ్ళెం అడుగున 25 మి.మీ. రంధ్రం ఉండాలి. పొడి ట్రాక్ మీద దానికి బిరడా పెట్టాలి, వాన పడితే తీసేయాలి. లేకపోతే పళ్ళెం నిండా వాన నీళ్ళు, తేలే ఆయిల్ కలిసి వంపు తిరగగానే వెనక చక్రం మీదికి ఒలుకుతాయి. లోపల ఆయిల్ పీల్చే మ్యాట్ పెట్టుకోనివ్వండి. గుడ్డలు, స్పంజీలు మాత్రం వద్దు, ఎగ్జాస్ట్‌కు తగిలితే అంటుకుంటాయి.

అదే కాగితంలో కలిపేయకుండా మూడోది కూడా పంపండి: వాటర్ కూల్డ్ బండ్ల రేడియేటర్‌లో నీళ్ళే ఉండాలి, గ్లైకాల్ కలిపిన కూలెంట్ ఉండకూడదు. నీళ్ళు కాసేపటికి ఆరిపోతాయి. గ్లైకాల్ ఆరదు, ఊడ్చినకొద్దీ పలచగా పరుచుకుని జారుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసుకుని, ఇంటికి రాగానే మళ్ళీ కూలెంట్ నింపుకోవాలి. లేకపోతే లోపల తుప్పు మొదలవుతుంది, వాటర్ పంప్ సీలు పోతుంది.

లాక్‌వైర్, నీళ్ళ రూల్స్ మొదటి రౌండు నుంచే అమలు కావాలని రాయండి. పళ్ళెం చేయించుకోవడానికి మాత్రం రెండు రౌండ్ల గడువు ఇవ్వమనండి.

ప్రశ్న: నా బరువు 84 కిలోలు. మా గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరుసల్లో) 55 కిలోల కుర్రాళ్ళున్నారు. స్ట్రెయిట్‌లో నన్ను నిలబెట్టి వెళ్ళిపోతున్నారు. రైడర్, బండి కలిపి కనీస బరువు పెట్టమని అడగొచ్చా? (పర్లాకిమిడి)

జవాబు: అడగొచ్చు. మోటో3 ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనే రైడర్, బండి కలిపి 152 కిలోల కనీస బరువు పెట్టారు, మీ కోరిక వింతది కాదు. మీ లెక్క చూద్దాం. రేసుకు సిద్ధమైన బండి 130 కిలోలు, సూటు, హెల్మెట్, బూట్లు అన్నీ కలిపి 10 కిలోలు అనుకుంటే మీరు 224, ఆ కుర్రాడు 195. తేడా 29 కిలోలు, అంటే దాదాపు 15 శాతం. 17 గుర్రాల (హార్స్‌పవర్) బండికి అది చిన్న భారం కాదు.

కానీ 29 కిలోలూ అవతలివాడి బండి మీద సీసం పెట్టించాలని అడగకండి. అది ప్రమాదం, పైగా ఎవరూ ఒప్పుకోరు. ఒకరి మీద 10 కిలోలకు మించి బరువు పడకూడదన్న హద్దు మీరే ప్రతిపాదనలో పెట్టుకోండి. అంటే మీ గ్రిడ్‌కు కనీస బరువు 205 ప్రాంతంలో ఉంటుంది. తేడా పూర్తిగా పోదు, మూడో వంతు తగ్గుతుంది. అంకె ఖాయం చేసే ముందు ఒక రౌండు అంతా అందరినీ ఊరికే తూచి రాసుకోమనండి. ఊహించి రాసిన అంకె సభలో నిలబడదు.

తూచడం గురించి వివరంగా రాయాలి. ధాన్యం తూచే ప్లాట్‌ఫారం కాటా పనికొస్తుంది కానీ దాని పలక మీద బండి రెండు చక్రాలూ పట్టవు. ఈ బండ్ల రెండు ఇరుసుల మధ్య దూరం మీటరున్నర లోపే అయినా, అంత పలక ఉన్న కాటా పడాక్‌కు రాదు. ఒక్కో చక్రం కింద ఒక్కో కాటా పెట్టి, రెండు పలకలూ ఒకే ఎత్తులో, సమంగా ఉండేలా చూసి, రెండు అంకెలూ కలపాలి. తర్వాత రైడర్ గేరుతో సహా ఒక కాటా మీద నిలబడాలి. తూనికల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల రాళ్ళు ఐదు తెచ్చి, ఆ రోజు పొద్దునే అందరి ముందు కాటాను సరిచూడాలి. బరువు ఎప్పటిదో కూడా రాయండి: "రేసు ముగిసి ట్రాక్ దిగిన స్థితిలో, ఏదీ చేర్చకుండా." లేకపోతే పెట్రోలు పోసుకుంటారు, రెండు లీటర్ల నీళ్ళు తాగి వస్తారు.

బరువు పలకలకు సీసం వాడతారు. 15 సెం.మీ. చదరంగా, 2 సెం.మీ. మందంగా ఉన్న పలక ఒక్కోటి 5 కిలోల పైచిలుకు తూగుతుంది. సీసం మెత్తనిది, బోల్టు ఒత్తిడికి కుంగుతుంది, బోల్టు దానంతటదే వదులవుతుంది. అందుకని పలకకు రెండు వైపులా ఉక్కు పట్టీ పెట్టి, కనీసం రెండు ఎమ్8 బోల్టులతో నైలాక్ నట్లు బిగించి, తలలకు లాక్‌వైర్ కట్టాలి. చోటు ఇంజిన్ దగ్గర, వీలైనంత కింద. సీటు వెనక, తోకలో నిషేధించండి. అక్కడ ఊడితే వెనక వస్తున్న రైడరు ఛాతీకి తగులుతుంది.

ప్రశ్న: దీనికన్నా డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద పవర్ కొలిచి పరిమితి పెడితే సరిపోదా? (గుణుపురం)

జవాబు: మీ స్థాయి సిరీస్‌కు వద్దు. ఎండ, తేమ, టైరు గాలి, బండిని కట్టిన స్ట్రాపుల బిగువు ఒక్కోటీ అంకెను అటూ ఇటూ చేస్తాయి. రెండు డైనోలు ఒకే బండికి ఒకే అంకె ఇవ్వవు. గెలుపు ఓటములు సగం గుర్రం తేడాతో తేలే క్లాసులో ఆ తేడా యంత్రంలోనే ఉంటే ఎవరిని నమ్మాలి? దానికి బదులు ఈసీయూల మార్పిడి అడగండి. రేసుకు ముందు కమిటీ తన దగ్గరున్న కంపెనీ ఈసీయూలను చీటీ తీసి ఎవరికి ఏది వస్తే అది ఇవ్వాలి. లోపల ఏ మ్యాప్ దాచినా తన ఈసీయూ తన బండిలో ఉండదు. ఒక్కో మోడలుకు రెండు మూడు కొని ఉంచుకుంటే చాలు, అందరికీ అక్కర్లేదు. అనుమానం వచ్చిన బండికి, మొదటి ముగ్గురికి వాడుకోవచ్చు.

ప్రశ్న: అయిదు రౌండ్లకూ చెన్నై వెళ్ళిరావడం మా వల్ల కావడం లేదు. ఒక్క రౌండు పోతే చాంపియన్‌షిప్ పోయినట్టే. దూరం నుంచి వచ్చేవాళ్ళకు అదనపు పాయింట్లు అడగడం న్యాయమేనా? (బరంపురం)

జవాబు: అదనపు పాయింట్లు అడిగితే ఒక్కరు కూడా చేయెత్తరు. "అయిదింటిలో మంచి నాలుగు" అని అడగండి. మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రీ పద్ధతి పాయింట్లు తీసుకుందాం: మొదటివాడికి 25, తర్వాత 20, 16, 13, 11. మీరు నాలుగు రౌండ్లకు వెళ్ళి నాలుగింటిలో రెండో స్థానం వస్తే 80. చెన్నైలోనే ఉండే ఒకతను అయిదింటికీ వచ్చి అన్నింటా మూడో స్థానం తెచ్చుకుంటే అతనికీ 80. వేగంగా తోలింది మీరు, కానీ సమానమయ్యారు. మంచి నాలుగు లెక్క పెడితే మీకు 80, అతనికి 64. ఇది మీకు చేసే సాయం కాదు, ఇంజిన్ పోయి ఒక రౌండు కోల్పోయిన ప్రతివాడికీ ఇదే లెక్క వర్తిస్తుంది. కాబట్టి స్థానికుల ఓట్లు కూడా పడతాయి. ఒక్క షరతు తప్పకుండా చేర్చండి: డిస్‌క్వాలిఫై అయిన రౌండును వదిలేసుకోవడానికి వీల్లేదు. లేకపోతే దొరికిపోయిన దొంగ ఇంజిన్‌కు శిక్షే ఉండదు.

ప్రశ్న: గ్రిడ్‌లో మరీ నెమ్మదివాళ్ళుంటే ముందున్నవాళ్ళు చివరి ల్యాపులో వాళ్ళను దాటాల్సి వస్తోంది. ఎంత శాతం లోపు ఉంటేనే రేసులోకి రానివ్వాలి? (జయపురం)

జవాబు: గ్రాండ్ ప్రీల్లో చాలా ఏళ్ళు 107 శాతం హద్దు నడిచింది. కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి వచ్చే సిరీస్‌కు అంత కఠినం అక్కర్లేదు. శాతాన్ని ల్యాపుల సంఖ్యను బట్టి తేల్చండి. సూత్రం తేలికే: ల్యాపుల సంఖ్యను, దానికన్నా ఒకటి తక్కువైన సంఖ్యతో భాగించండి. 8 ల్యాపుల రేసుకు 8ని 7తో భాగిస్తే 114.3 శాతం. అత్యుత్తమ ల్యాపు 2 నిమిషాలైతే హద్దు 2 నిమిషాల 17 సెకన్లు. అంతకన్నా వేగంగా వెళ్ళగలిగేవాణ్ణి ముందున్నవాడు రేసు ముగిసేలోపు అందుకోలేడు. 115 శాతం పెడితే ఏమవుతుందో చూడండి: 2 నిమిషాల 18 సెకన్లవాడు సరిగ్గా ఎనిమిదో ల్యాపులోనే చిక్కుతాడు, ముందు ఇద్దరూ గెలుపు కోసం కొట్టుకునే చోట. 10 ల్యాపులకు హద్దు 111 శాతం, 6 ల్యాపులకు 120 శాతం.

హద్దు దాటినవాళ్ళను ఇంటికి పంపకండి. గుణుపురం నుంచి, జయపురం నుంచి అంత దూరం వచ్చిన కుర్రాడు రేసు చేయకుండా తిరిగి వెళ్తే మళ్ళీ రాడు. "హద్దు దాటినవారికి అదే రోజు 5 ల్యాపుల వేరే రేసు" అని రూలులోనే చేర్చండి.

ప్రశ్న: టైర్ల ఖర్చు ఆకాశాన్ని అంటుతోంది. డబ్బున్నవాళ్ళు ప్రతి రేసుకూ కొత్త సెట్టు. ఒకే కంపెనీ టైరు రూలు అడగమంటారా? (రాయగడ)

జవాబు: ఒకే కంపెనీ అంటే ఆ కంపెనీ దగ్గర సరుకు లేని నెల రేసే ఉండదు. కంపెనీని వదిలి సంఖ్యను పట్టుకోండి: రౌండుకు ఒక ముందు టైరు, ఒక వెనక టైరు. స్క్రూటినీలో పక్క గోడ మీద కమిటీ స్టిక్కరు వేయాలి, స్టిక్కరు లేని టైరుతో ట్రాక్ మీదికి రానివ్వకూడదు. పంక్చరైతే అధికారికి చూపించి వాడిన టైరు వేసుకోవచ్చు, కొత్తది వద్దు. టైర్ వార్మర్లు (రేసుకు ముందు టైర్లను వేడెక్కించే కరెంటు తొడుగులు) నిషేధించమనండి. జనరేటరు లేనివాళ్ళకు అది మేలు, ఇంధనమూ మిగులుతుంది. వాన కోసం మామూలు రోడ్డు టైర్లను అదనపు సెట్టుగా అనుమతించాలి. పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ చూడటం కూడా చేర్చండి: 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. పాత టైరు గాడి లోతుగా కనిపించినా రబ్బరు గట్టిపడి పట్టు ఇవ్వదు. అయిదేళ్ళు దాటితే తిప్పి పంపమనండి.

ప్రశ్న: మాకు దగ్గర్లో ట్రాక్ లేదు. ఆదివారం తెల్లవారుజామున సుంకి ఘాట్ మీద, లేకపోతే ఏదైనా పాత ఎయిర్‌స్ట్రిప్ మీద ఒక రౌండు పెట్టమని ప్రతిపాదిస్తే? (జయపురం)

జవాబు: ఘాట్ మాట ప్రతిపాదనలో రాయనే రాయకండి. అది జాతీయ రహదారి. సాలూరు నుంచి లారీలు తెల్లవారుజామునే ఎక్కుతాయి, మలుపు అవతల ఏముందో కనబడదు. రాష్ట్ర ప్రభుత్వ లిఖిత అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వాహనాల పందెం నడిపినా, పాల్గొన్నా మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండోసారికి జైలు ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా. మామూలు బండి ఇన్సూరెన్స్ పాలసీలో రేసులు, వేగ పరీక్షలు మినహాయింపు కిందే ఉంటాయి, అంటే ఎవరికి దెబ్బ తగిలినా డబ్బు మీ ఇంటి నుంచే పోవాలి.

ఎయిర్‌స్ట్రిప్ సంగతి వేరు. అది ప్రభుత్వ ఆస్తి, యజమాని శాఖ అనుమతి, జిల్లా యంత్రాంగం అనుమతి, ఆ పైన మోటార్ క్రీడల జాతీయ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ పర్మిట్ ఉంటేనే మాట. అవి వచ్చినా నేరుగా పోయే రన్‌వే మీద రోడ్ రేసు అవదు. రెండు చివర్లా, మధ్యలో టైర్ల గుట్టలతో చికేన్లు (వేగం తగ్గించే వంకర దారులు) పెట్టి మలుపులు చేయాలి, పక్కన జారిపోవడానికి ఖాళీ ఉండాలి, అంబులెన్సు రెండు నిమిషాల్లో ఏ మూలకైనా చేరాలి. రేసు రౌండు బదులు "ఒక రోజు శిక్షణ, టైమింగ్ లేకుండా" అని అడగండి. అనుమతి ఇచ్చేవాళ్ళకూ మనసు ఒప్పుతుంది, మీ కుర్రాళ్ళకు ఏడాదిలో ఒక రోజైనా ఇంటి దగ్గర బండి తోలే వీలు దొరుకుతుంది.

ప్రశ్న: శనివారం పొద్దున 7 గంటలకే స్క్రూటినీ మూసేస్తున్నారు. బండిని బరంపురంలో రైల్లో వేసి చెన్నైలో దించుకుని వచ్చేసరికి ఆలస్యమవుతోంది. (ఛత్రపురం)

జవాబు: సమయం మార్చమని మాత్రమే రాస్తే మీ ఒక్కరి కోసం అన్నట్టుంటుంది. ఇలా రాయండి: "శుక్రవారం సాయంత్రం 4 నుంచి 8 వరకు, శనివారం ఉదయం 6 నుంచి 9 వరకు స్క్రూటినీ. 500 కిలోమీటర్ల పైన నుంచి వచ్చేవారు ముందుగా రాసి తెలియజేస్తే చివరి గంట వారికి కేటాయించాలి."

బండి మాత్రం మీతోపాటు అదే రైల్లో వస్తుందని లెక్క పెట్టుకోకండి. పార్సిల్ వ్యానులో చోటు లేకపోతే తర్వాతి రైలుకు వేస్తారు. రెండు రోజులు ముందే బుక్ చేయండి. ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు నకలు పట్టుకెళ్ళండి. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా ఇంట్లోనే తీసేసి, మూత కాసేపు తెరిచి ఆవిరి పోనివ్వండి, స్టేషన్‌లో తీయబోతే గొడవ. లీవర్లు, ఫుట్‌రెస్టులు, క్లిప్ ఆన్లు (హ్యాండిల్ బార్లు) విప్పి సంచిలో వేసి మీ వెంట తెచ్చుకోండి, గోనె చుట్టినా మొదట విరిగేవి అవే. రెండు వైపులా ట్యాంకు మీద కాకుండా ఫ్రేము మీద ఊరి పేరు, ఫోన్ నంబరు రాసిన అట్ట కట్టండి. లాక్‌వైర్ కట్టిన బోల్టులు మాత్రం విప్పకండి. విప్పితే ఇరుంగట్టుకోట్టైలో అర్ధరాత్రి మళ్ళీ లాక్‌వైర్ కట్టుకోవాలి.